పక్కా యిల్లు అనగా నేమి?

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెత నెఱుగని తెలుగువాడు లేడు. ఈ రెండు కార్యములును మనుష్యుని ధనమును, ఓర్పును, వివేకమును ఒక్కమాఱుగా పరీక్షించును. అయితే పెండ్లి కొలది దినములలో ముగియును. ఇల్లన్ననో కట్టినవానిని, వాని బిడ్డలను, వారి బిడ్డలను గూడ సుఖపెట్టుటయో బాధపెట్టుటయో చేయుచునే యుండును. కావున ఇల్లెట్లు కట్టుకొనవలెనను ప్రశ్నను మేస్త్రీలకును ఇంజనీర్లకును విడిచి మనము చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. అది తల్లిదండ్రులు ఆలోచింపదగినది, విద్యార్థులు నేర్వదగినది, పాఠశాలలు బోధింపదగినది. అందువలననే యీ సంచికలో దీనిని గుఱించి నా యభిప్రాయమును చదువరుల ముందుంచుచున్నాను.

ఇప్పుడు మన జనులు ఇండ్లను రెండు తెగలుగా విభజించుచున్నారు. ఒకటి కచ్చా యిల్లు, రెండవది పక్కా యిల్లు. సిమెంటుతోను ఇనుముతోను పోసిన కప్పు గలది పక్కా. మట్టిగోడ గలదియు, తాటాకు కప్పు గలదియు కచ్చా. సర్కారు జాబితాలలోను, పెండ్లి సంబంధములు మాటలాడుకొను వసారాలలోను ఇదియే లెక్క. పక్కా యను మాట సంస్కృతమునందలి పక్వ శబ్దమునుండి పుట్టినది. పండినది, పాకమునకు వచ్చినది అని దాని యర్థము. అట్లయిన నొక యిల్లు పక్వమైనదని చెప్పుటకు దాని కప్పులో సిమెంటున్నదా యని చూచిన చాలునా? చాలదని నా మతము. అందు నివసించువారికి ఎండకాలమున నిద్ర పట్టునా? గాలివానకు, భూకంపమునకు నిలుచునా? కట్టిన యజమాని ఋణములో మునుగకుండ కట్టగలిగెనా? పదేండ్లకు పగులు పట్టినప్పుడు ఊరిలోని మేస్త్రీ దానిని బాగుచేయగలడా? ఈ నాలుగు ప్రశ్నలకును సరియైన సమాధానము చెప్పగలిగినదే పక్కా యిల్లు. సిమెంటు కప్పు గలిగియు ఈ పరీక్షలో ఓడిపోవు ఇండ్లు వేలకొలది యున్నవి. మట్టిగోడ గలిగియు గెలుచు ఇండ్లు కొన్ని యున్నవి.

ఈ విషయము చిన్నది కాదు. ప్రపంచమున నూటపది కోట్లకు మించిన జనులు మురికివాడలలోను, అట్టి స్థలములలోను కాపురముండుచున్నారని ఐక్యరాజ్యసమితివారి లెక్కలు తెలుపుచున్నవి. వీరిలో అధికసంఖ్యాకులు ఆసియా, ఆఫ్రికా ఖండములలోని బీద దేశములవారు. మన దేశమున గ్రామములలోని బీదలకు ఇండ్లు కట్టించుటకై 2016లో ప్రధానమంత్రి ఆవాస యోజన గ్రామీణ శాఖ ప్రారంభమైనది. అప్పుడు మైదాన ప్రాంతములలో ఇంటికి 1,20,000 రూపాయల సహాయమును, 25 చదరపు మీటర్లకు తక్కువ గాని వైశాల్యమును నిర్ణయించిరి. బీదవానికి తన పేర నొక యిల్లుండవలెనన్న యీ సంకల్పమును నేను మనసార మెచ్చుకొనుచున్నాను. కాని యీ సొమ్ముతో సిమెంటు, ఇనుము, ఇసుక, కంకర కొని, పట్టణపు డాబాను చూచి యట్టిదే పల్లెలో నిలుపబోయిన కాపు ఏమగుచున్నాడు? పునాది లేచుసరికి సగము సొమ్ము హరించును. కప్పు వేయుసరికి వడ్డీవ్యాపారి గుమ్మము త్రొక్కవలసి వచ్చును. ఇల్లు పూర్తియగును; కాని దాని నీడలో కూర్చుండువాడు అప్పులవాడు. ఏ వస్తువుతో కట్టవలెనను ప్రశ్న సౌందర్యమునకు సంబంధించినదని కొందఱు తలంతురు. బీదవానికి అది అన్నమునకు సంబంధించిన ప్రశ్న.

ఇక ఎండ సంగతి. 2015 మే నెలలో వీచిన వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రములలోను కలిసి వేయికి మించిన జనులు ప్రాణములు కోలుపోయిరి. వారిలో ఎండలో పనిచేయు కూలీలును, ముసలివారును పెక్కుమంది. అట్టి దినములలో పలుచని సిమెంటు కప్పు క్రింది గది యెట్లుండునో మనలో చాలమందికి అనుభవమే. నాలుగైదు అంగుళముల మందము గల ఆ పలక పగలంతయు ఎండను త్రాగును. సాయంకాలము మొదలు నడిరేయి దాటు వఱకు ఆ వేడిని గదిలోనికి క్రక్కును. బయట గాలి చల్లబడిన వెనుక గూడ లోపల కొలిమివలె నుండును. రేకుల యిల్లు పగలు ఇంతకంటె ఘోరము. ధనికుడు యంత్రము పెట్టుకొని గదిని చల్లబఱచుకొనును. బీదవాడు మంచము వీథిలో వేసికొనును. ఆడుబిడ్డలు గల తల్లి అదియు చేయలేక, తలుపు మూసికొని రాత్రియంతయు విసనకఱ్ఱతో గడపును. అట్టి యింటిలోని బాలుడు మఱునాడు పరీక్షలో తప్పిన, మనము వాని బుద్ధిని నిందింతుము గాని వాని యింటికప్పును నిందింపము.

ఇందులో నొక విపరీతము గూడ నున్నది. సిమెంటు చేయుటకు సున్నపుఱాతిని బంకమన్నుతో కలిపి, కొలిమిలో సుమారు 1450 డిగ్రీల వేడిమికి కాల్తురు. రసాయనశాస్త్రము చదువు విద్యార్థులకు తెలిసినట్లు, శుద్ధమైన సున్నపుఱాయి 100 పాళ్లు కాల్చిన 56 పాళ్లు సున్నము మిగులును. 44 పాళ్లు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిసిపోవును. కొలిమికి వేసిన బొగ్గునుండి వచ్చు వాయువు దీనికి అదనము. ప్రపంచమున మనుష్యులు విడుచు బొగ్గుపులుసు వాయువులో నూటికి ఏడెనిమిది పాళ్లు సిమెంటు పరిశ్రమనుండియే వచ్చుచున్నవని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. ఆ వాయువు భూమిని దుప్పటివలె కప్పి ఎండలను మఱింత పెంచుచున్నది. ఎండకు తాళలేని యిండ్లను కట్టుట, ఆ కట్టుటచేతనే ఎండను పెంచుట! ఇసుక కొఱకు నదీగర్భములను త్రవ్వుటచే బావులలో నీరు క్రిందికి జాఱుట మఱియొక నష్టము. ఇట్లని సిమెంటును బహిష్కరింపుమని నేను చెప్పుట లేదు. అది గొప్ప వస్తువు. ఉప్పును వంటలో వాడినట్లు దానిని వాడవలెను గాని, అన్నమునకు బదులుగా ఉప్పును వడ్డింపరాదు.

ఈ మాట కేవలము ఉపదేశము కాదు. దీనిని చేసి చూపిన పురుషుడొకడు మన దేశముననే యుండెను. ఆయన పేరు లారీ బేకర్. 1917లో ఇంగ్లండునందలి బర్మింగుహామ్ నగరమున జన్మించి, అచ్చటనే గృహనిర్మాణశాస్త్రము నభ్యసించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున చైనాదేశములో కుష్ఠురోగులకు పరిచర్య చేసెను. స్వదేశమునకు మరలిపోవుచు బొంబాయిలో ఓడకై కనిపెట్టుకొనియున్న దినములలో ఆయనకు గాంధీమహాత్ముని దర్శనమయ్యెను. ఇంటికి వలసిన వస్తువులన్నియు ఆ యింటికి ఐదు మైళ్ల లోపల దొరకునవియే కావలెనని మహాత్ములు ఆనాడు చెప్పిన మాట తన మనస్సున నాటుకొన్నదని బేకర్ తరువాత పలుమాఱులు చెప్పుచుండెను. 1945లో ఆయన మరల హిందూదేశమునకు వచ్చి, కుష్ఠురోగుల సేవచేయు మిషనువారి కట్టడములను చూచు పనిలో చేరెను. 1948లో కేరళదేశపు వైద్యురాలిని వివాహమాడి, హిమాలయ ప్రాంతమున పిథోరాగఢ్ వద్ద ఆసుపత్రి కట్టి చాల యేండ్లు కాపురముండెను. ఆ కొండలలోని జనులు అచ్చటి ఱాళ్లతోను, మట్టితోను, కఱ్ఱతోను కట్టుకొను ఇండ్లను చూచి, తాను ఇంగ్లండులో చదివిన చదువు ఇచ్చట చాలదని గ్రహించెను. అప్పటినుండి పల్లెవారి పనితనమే ఆయనకు రెండవ పాఠశాల యయ్యెను.

1970 ప్రాంతమున ఆయన తిరువనంతపురము చేరి, అది మొదలు 2007లో మరణించు వఱకు అచ్చటనే యుండి, లెక్కకు మిక్కిలి కట్టడములు కట్టెను. ఆయన పద్ధతులు వినుటకు సులభములు, చేయుటకును సులభములు. వానిలో మూడింటిని మాత్రము వివరించెదను.

మొదటిది గోడ. మన మేస్త్రీలు ఇటుకలను పడుకొనబెట్టి కట్టుదురు. బేకర్ వానిని ప్రక్కకు నిలువబెట్టి, రెండు వరుసల నడుమ ఖాళీ వచ్చునట్లు పేర్చి, అచ్చటచ్చట అడ్డముగా నొక్కొక యిటుకతో వానిని ముడివేయించెను. దీనిని ఎలుకబోను కట్టుబడి యందురు. గోడ మందము తొమ్మిది అంగుళములే యుండును. ఇటుకలు మాత్రము నూటికి సుమారు ఇరువదియైదు తగ్గును. అడుసును ఆ మేరకు తగ్గును. నడుమ చిక్కిన గాలి వేడిని లోపలికి పోనీయదు. నీరు చల్లగా నుండుటకు కూజాకు తడిగుడ్డ చుట్టుట మనకు తెలియును. ఇది యింటికి గాలిగుడ్డ చుట్టుట వంటిది. పైగా ఆయన గోడకు పూత పూయింపడు. ఇటుక చక్కగా కాలి, పని చక్కగా కుదిరినచో దానిని దాచుట యెందులకని ఆయన వాదము. పూత లేనప్పుడు మేస్త్రీ తన పనిలోని తప్పులను కప్పిపుచ్చలేడు. అందుచే పనియు బాగుపడును.

రెండవది కప్పు. సిమెంటు పలకపై బరువు పడినప్పుడు దాని పైభాగము నొక్కుకొనును, క్రిందిభాగము సాగుటకు చూచును. ఆ సాగుడును ఓర్చునది ఇనుపకమ్మి గాని సిమెంటు కాదు. కావున క్రిందిభాగమున కమ్ముల నడుమ నున్న సిమెంటులో కొంత వట్టి బరువు మాత్రమే. బేకర్ ఆ చోటులందు పనికిరావని పాఱవేసిన మంగుళూరు పెంకులను రెండేసి చొప్పున బోర్లించి పెట్టి, వానిపై సిమెంటు పోయించెను. సిమెంటు తగ్గెను, బరువు తగ్గెను, బరువు తగ్గుటచే కమ్మియు తగ్గెను. పెంకుల నడుమ గాలి చిక్కుటచే వేడి దిగుట తగ్గెను. క్రిందనుండి చూచువారికి ఎఱ్ఱని పెంకుల వరుసలు అలంకారమువలె కనబడును.

మూడవది కిటికీ. కిటికీకి కఱ్ఱ, ఇనుము, గాజు, బందులు, గొళ్లెములు కావలెను. ఇన్నియు ఖరీదైనవే. వెలుతురును గాలియు మాత్రమే కావలసిన చోట, ఇటుకలను ఎడమెడముగా పేర్చి జాలీ వదలిన చాలునని ఆయన చేసి చూపెను. ఎండ చీలి చిన్న చిన్న తునుకలై లోపల పడును. గాలి నిరాటంకముగా నాడును. దొంగకు దారి లేదు. గుమ్మములపై ఇనుపకమ్మి గల దూలమునకు బదులు ఇటుకల కమాను కట్టించెను. స్థలములోని చెట్టును నఱకక, గోడనే వంచి చెట్టును బ్రతికించెను.

ఈ పద్ధతులు గుడిసెలకే తగునని యెవరైన అందురేమో. తిరువనంతపురములో ఉళ్లూరు వద్ద, 1970లో స్థాపితమైన అభివృద్ధి అధ్యయన కేంద్రమును చూడుడు. దేశమున పేరెన్నికగన్న అర్థశాస్త్రజ్ఞులు పనిచేయు ఆ విద్యాపీఠమంతయు బేకర్ కట్టినదే. పూత లేని ఇటుకగోడలు, జాలీలు, కమానులు, నడుమ చెట్లు. పండితులు కూర్చుండి గ్రంథములు వ్రాయుటకు తగిన గోడ, కూలివాడు పండుకొనుటకు తగదా? 1985లో ఆయనయు, కేరళ ముఖ్యమంత్రిగా పనిచేసిన సి. అచ్యుతమేనన్ గారును, అర్థశాస్త్రజ్ఞులైన కె. ఎన్. రాజ్ గారును మఱికొందఱితో కలిసి కాస్ట్‌ఫోర్డ్ అను సంస్థను స్థాపించి యీ విద్యను వ్యాపింపజేసిరి. 1990లో భారత ప్రభుత్వము బేకర్‌కు పద్మశ్రీ బిరుదమిచ్చెను. ఆయన తన చేతివ్రాతతోను, తన చేతి బొమ్మలతోను చిన్న పుస్తకములు వ్రాసి, ఏ ఖర్చు ఎట్లు తగ్గించవచ్చునో సామాన్యులకు తెలియునట్లు చెప్పెను. రహస్యము దాచుకొను వర్తకుని బుద్ధి ఆయనకు లేదు.

ఈ మార్గములో నున్న మఱియొక మేలును మనము గమనింపవలెను. సిమెంటునకును ఇనుమునకును పెట్టిన సొమ్ము ఊరు దాటి దూరపు కర్మాగారమునకు పోవును. ఇటుక పేర్చు నేర్పునకు పెట్టిన సొమ్ము ఊరిలోని మేస్త్రీ చేతికిని, కూలివాని చేతికిని వచ్చును. అది మరల ఊరి అంగడిలోనే ఖర్చగును. ఒక యిల్లు కట్టుటలో ఒక కుటుంబమునకు నీడయు, నాలుగు కుటుంబములకు కూడును దొరకుట సామాన్యలాభము కాదు.

మన తెలుగుదేశమునకు ఈ విద్య క్రొత్తది కాదు. ఉత్తరకోస్తా తీరమునందలి చుట్టిల్లు చూడుడు. గుండ్రని మట్టిగోడ, నేలకు దగ్గఱగా వంగిన తాటాకు చూరు. మూలలు లేవు గనుక గాలి దానిని చుట్టుకొని పోవును గాని పట్టి పీకదు. గోదావరి, కృష్ణా మండలములందలి మండువా లోగిలి నడుమ ఆకాశము కనబడును. వేడిగాలి పైకి పోవును, చల్లగాలి గదులలోనుండి వచ్చును. రాయలసీమలోని మిద్దె మందమైన మట్టికప్పుతో పగటి యెండను రాత్రి వఱకు ఆపును. కడప, బేతంచెర్ల, తాండూరు, షాబాదు బండలు మన కాళ్ల క్రిందనే యున్నవి. గానుగలో త్రిప్పిన సున్నముతో కట్టిన గోడలు తరతరములు నిలిచియున్నవి. వీనినన్నిటిని కచ్చా యను నొక్క మాటతో త్రోసివేయుట కృతఘ్నత. గుజరాతునందలి కచ్ఛదేశములో 2001 జనవరి 26వ తేదీన భూకంపము వచ్చినప్పుడు క్రొత్త మేడలు పెక్కు కూలిపోగా, బన్ని ప్రాంతమున భుంగాలనబడు గుండ్రని మట్టి యిండ్లు చాలవఱకు నిలిచినవి. ఆకారములోని తెలివి సిమెంటుకంటె బలమైనదని దీనివలన తెలియుచున్నది.

అయితే పాతదంతయు మంచిదని వాదించుట గూడ తప్పు. ప్రతిపక్షమువారి మాటను న్యాయముగా వినవలెను. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవాఱుజామున మహారాష్ట్రమునందలి లాతూరు, ఉస్మానాబాదు మండలములలో భూమి కంపించినప్పుడు సుమారు 10,000 మంది మరణించిరి. వారిని చంపినవి ఆ పురాతనపు ఇండ్లే. మట్టితో కట్టిన మందపు బండఱాతి గోడలు, వానిపై బరువైన మట్టికప్పులు నిద్రించుచున్న వారిపై విఱుచుకొనిపడినవి. మన మిద్దెలును ఆ జాతివే యని మఱువరాదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విఱుచుకొనిపడి వేలకొలది జనులను పొట్టబెట్టుకొన్నప్పుడు తాటాకు కప్పులును మట్టిగోడలును ఆ నీటికి నిలువలేదు. తరువాత తీరమునందు సిమెంటు స్తంభములపై తుపాను ఆశ్రయములు కట్టబడినవి. అచ్చట సిమెంటు వాడుట ధర్మమే. తాటాకునకు నిప్పు భయము, మట్టికి చెదల భయము ఎప్పుడు నుండనే యున్నవి.

దీనినిబట్టి తేలునదేమి? పాతదానిలోని గుణమును నిలుపుకొని, దోషమును శాస్త్రముచే దిద్దుకొనవలెనని తేలుచున్నది. అట్లు దిద్దినవారును మన దేశమున కలరు. బెంగుళూరునందలి భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఎ. కె. ఎన్. రెడ్డిగారు ప్రారంభించిన ఆస్ట్రా యను శాఖవారు గ్రామములకు తగిన సాధనములను పరిశోధించిరి. మట్టిలో కొలదిపాటి సిమెంటు కలిపి, చేతి యంత్రముతో గట్టిగా అదిమి దిమ్మలు చేయు పద్ధతిని వారు మెఱుగుపఱచిరి. ఈ దిమ్మను కాల్చ నక్కఱలేదు, కట్టెలు మిగులును. వానకు కరగదు. మఱియు రామగుండము, ఇబ్రహీంపట్నము వంటి చోటుల విద్యుత్తు కొఱకు బొగ్గు కాల్చగా మిగిలిన బూడిద కొండలవలె పడియుండుట మన మెఱుగుదుము. ఆ బూడిదతో చేయు ఇటుకలకును కొలిమి అక్కఱలేదు. మట్టిగోడలు గల యింటికి గూడ పునాదిపైని, గుమ్మములపైని, కప్పు క్రిందను మూడు పట్టీలు గట్టిగా చుట్టించి మూలలను ముడివేసినచో, భూమి కంపించినప్పుడు గోడలు విడివడవు. ఇట్లు సిమెంటును ప్రాణరక్షణకు అవసరమైన చోట వాడి, వట్టి గొప్పకు వాడు చోట మానిన చాలును.

రెండవ యాక్షేపణ ఇంతకంటె బలమైనది. “బీదవాడే మట్టి యిల్లు వలదనుచున్నాడు గదా, వాని నెందుకు నిర్బంధింతురు?” అని కొందఱు అడుగుదురు. దీనికి ఈజిప్టు దేశపు కథ చక్కని ఉదాహరణము. హసన్ ఫతీ యను ప్రసిద్ధ గృహనిర్మాత నైలునది పడమటి గట్టున, లుక్సారు నగరమున కెదురుగా, పురాతన సమాధులపై ఇండ్లు కట్టుకొని నివసించుచున్న గుర్నా గ్రామస్థులకై 1940 దశకము నడుమ నొక నూతన గ్రామమును కట్ట నారంభించెను. పచ్చి ఇటుకలతో, కఱ్ఱ ఆధారము లేకయే గుమ్మటములు లేపు నూబియా దేశపు మేస్త్రీల విద్యను ఆయన పునరుద్ధరించెను. ఆ కట్టడముల సొగసును లోకమంతయు పొగడినది. కాని గ్రామస్థులు పెక్కుమంది అందులోనికి పోవ నిరాకరించిరి. వారి జీవనము పాత స్థలముతో ముడివడియుండెను. పైగా వారికి గుమ్మటమనగా సమాధిపై కట్టునది. పని సగములో నిలిచిపోయెను. ఫతీ వాడిన యిటుకలో దోషము లేదు. ఎవరి కొఱకు కట్టుచున్నామో వారి మనస్సు తెలిసికొనక ఇంకొకరు తలపెట్టిన గ్రామము నిలువలేదు.

కావున బీదవాడు సిమెంటు డాబా కోరుటలో తప్పు పట్టకుడు. వాడు గౌరవమును కోరుచున్నాడు. మట్టి యిల్లనగా లేమికి గుర్తని వానికి మనమే నేర్పితిమి. డాబాలో కూర్చుండి మట్టి మహిమను బోధించు అధికారి మాట వాడేల నమ్మును? బేకర్ మాటకు విలువ కలుగుటకు కారణము, తాను కట్టుమన్న పద్ధతిలోనే తన యిల్లు కట్టుకొనుట, ధనికులకును బీదలకును ఆ గోడనే కట్టుట. ఊరిలో మొట్టమొదటి ఎలుకబోను గోడ కూలివాని కాలనీలో గాక పాఠశాలకో, పంచాయతీ కార్యాలయమునకో, వైద్యశాలకో లేవవలెను. పెద్దల యింటిలో చూచినదానిని జనులు అడుగకయే అనుసరింతురు.

మూడవ యాక్షేపణ మేస్త్రీలకు ఈ పని రాదని. ఇది నిజమే. కాని సిమెంటు పోయుట మాత్రము వారు తల్లి కడుపులో నేర్చిరా? పది దినములు పని చూపిన నేర్చుకొందురు. అంతకంటె పెద్ద అడ్డంకి బిల్లు వ్రాయు కాగితము. ఆ కాగితములో ఏ గోడకు చోటున్నదో ఆ గోడయే ఊరిలో లేచును. కావున ప్రభుత్వమువారు ఒక్కొక్క మండలమునకు అచ్చటి మట్టిని, ఱాతిని, గాలివానను, భూకంపభయమును విచారించి, నాలుగైదు విధములైన ఇండ్లను ఆమోదించి, యజమాని కోరినదానికి సొమ్మియ్యవలెను. దివిసీమకును ఆదోనికిని ఒకే నకలు తగదు. కోరుకొను హక్కు ఆ యింటిలో వండుకొని తిను ఇల్లాలికి ముఖ్యముగా నుండవలెను. పొయ్యి యెచ్చట, గాలి యెచ్చట అను సంగతి ఆమెకంటె ఎక్కువ ఎఱిగిన ఇంజనీరు లేడు.

క్రొత్త యిల్లు కట్టుకొను స్తోమత లేనివారును చేయదగిన పని యున్నది. డాబా కప్పుపై తెల్లని సున్నము దట్టముగా వేసిన ఎండ వెనుకకు మఱలును. లోపలి వేడి కొన్ని డిగ్రీలు తగ్గును. 2023లో తెలంగాణ ప్రభుత్వము ఐదేండ్లకు చల్లని కప్పుల విధానమును ప్రకటించినది ఈ సూత్రముపైననే. పడమటి గోడకు ఎదురుగా నొక వేపచెట్టు, కిటికీపై జానెడు చూరు, గదికి ఎదురెదురుగా రెండు కిటికీలు. వీనికి ఖర్చు స్వల్పము, సుఖము మెండు. తల్లిదండ్రులారా, ఇల్లు కట్టునప్పుడు ముందు వీథిలోని మేడను చూచి గాక సూర్యుని చూచి కట్టుడు. పాలరాతి పలకకు పెట్టదలచిన సొమ్ములో కొంత కప్పునకు పెట్టుడు.

విద్యార్థులారా, మీరు దీనిని నా మాటపై నమ్మవలదు. రెండు సమానమైన పెట్టెలను చేసి, ఒకదాని మూతకు సున్నము వేసి, రెండవదానిని వట్టిగా విడిచి, రెండింటిని ఎండలో నుంచి, లోపల ఉష్ణమాపకములను పెట్టి గంటగంటకు వ్రాసికొనుడు. అట్లే ఇటుకలతో రెండడుగుల ఎలుకబోను గోడను, మామూలు గోడను పాఠశాల ఆవరణములో పేర్చి, ఎన్ని యిటుకలు పట్టినవో లెక్కించుడు. మీ తాతగారి యింటి గోడ దేనితో కట్టిరో, ఆ ఱాయి యెచ్చటనుండి వచ్చినదో, ఎన్ని వానలకు నిలిచినదో అడిగి తెలిసికొని మీ భూగోళశాస్త్రపు పుస్తకములో వ్రాయుడు. మీలో కొందఱు ఇంజనీర్లగుదురు, కొందఱు అధికారులగుదురు, అందఱును ఏదో నొకనాడు ఇంటి యజమానులగుదురు. బిల్లు కాగితముపై చేవ్రాలు చేయు దినమున, ఆ కప్పు క్రింద మే నెలలో నిద్రింపబోవు బిడ్డను ఒక్కమాఱు తలంచుకొనుడు. ఆ తలంపు మీ చేతిని సరియైన చోటికి నడిపించును.